మాస్టారి లివర్ కనబడలేదు

ఎలాగైతేనేం, కారు ఆసుపత్రి గుమ్మం ముందు ఆగింది. ఆగింది అనడం కన్నా అక్కడున్న పూలకుండీకి ఆనుకుంది అంటే న్యాయంగా ఉంటుంది. కుండీ పగల్లేదు, కాస్త పక్కకి ఒరిగిందంతే.

కిందటి వారం మనం వాళ్లని వదిలేసింది నడిరోడ్డు మీద. పాఠం మధ్యలో డ్రైవింగ్ స్కూలు మాస్టారు కడుపు పట్టుకుని ముందుకు వాలిపోయారు. ఆయన కాళ్ల దగ్గర ఆయనకంటూ వేరే బ్రేకు ఒకటి ఉంటుంది. ఊరంతా ఆయన్ని బ్రేకు మాస్టారు అనేది అందుకే. ఆ బ్రేకు మీంచి ఆయన కాలు జారిపోయింది. స్టీరింగు ముందున్న శిష్యురాలు ఈ ఆసుపత్రిలోనే స్కానింగ్ డాక్టరు. లోపలి రోగాల సంగతిలో ఎంత ఘటికురాలో, రోడ్డు మీద అంత అయోమయం. కుడికి తిప్పమంటే ఎడమకి తిప్పడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది. అలాంటి మనిషి, పక్కన బ్రేకు తొక్కే దిక్కు లేకుండా, సంత జనం మధ్య నుంచి, హారన్ మీద చెయ్యి తీయకుండా కారు తోలుకొచ్చేసింది.

స్ట్రెచర్ వచ్చింది. ఇద్దరు పట్టుకుని మాస్టారిని దాని మీదకి చేర్చారు. ఆయన మొహం పాలిపోయింది. కళ్లు మూసుకునే అడిగారు.

"హ్యాండ్‌బ్రేకు వేశారా?"

"వేశాను మాస్టారూ."

"ఇంజిన్?"

డాక్టరమ్మ వెనక్కి పరిగెత్తి ఇంజిన్ ఆపి వచ్చింది.

క్యాజువాలిటీలో ఉన్న డ్యూటీ డాక్టరు కుర్రతనం పోని మనిషి, చురుకైనవాడు. మాస్టారి పొట్ట నాలుగు పక్కలా నొక్కి చూశాడు. ఎడమ పక్క కింద చెయ్యి వేసి తీసేసరికి మాస్టారి నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది. జ్వరం కూడా ఉంది.

"ఎడమ పక్క నొప్పి, ఈ వయసు. కిడ్నీలో రాయి అయ్యుంటుంది మేడం. నొప్పికి ఇంజక్షన్ ఇచ్చి, సెలైన్ పెట్టి చూద్దాం," అన్నాడు.

"చూశారా, రాయే," అన్నారు మాస్టారు. "సాయంత్రానికి ఇంటికి పోతాను. నాలుగు గంటల బ్యాచ్‌కి చెప్పి ఉంచండి."

డాక్టరమ్మ ఆయన్నే చూస్తూ నిలబడింది. రాయి నొప్పి మనిషిని కుదురుగా పడుకోనివ్వదు. అటు పొర్లి ఇటు పొర్లి, లేచి తిరిగి, మంచం దిగి కూర్చుని, నానా హైరానా పెడుతుంది. ఈయన చూస్తే మోకాళ్లు దగ్గరికి లాక్కుని బొమ్మలా పడుకున్నారు. స్ట్రెచర్ చక్రం గుమ్మం దాటేటప్పుడు చిన్న కుదుపు వస్తే పళ్లు బిగించారు.

"నొప్పి ఎక్కడ మొదలైంది మాస్టారూ?"

"బొడ్డు చుట్టూ. నిన్న పొద్దున. రాత్రికి ఇదిగో, ఇక్కడికి దిగింది."

"తిండి సయించిందా?"

"లేదు."

"మరి నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"నిన్న మీకు రివర్సు పాఠం. దాని ముందు ఈ నొప్పి ఏపాటి?"

డ్యూటీ డాక్టరు మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు. డాక్టరమ్మకి నవ్వు రాలేదు. బొడ్డు దగ్గర మొదలై, ఆకలి చంపేసి, కిందికి దిగి, జ్వరం తెచ్చే నొప్పి ఏమిటో వైద్యం చదివిన ప్రతివాళ్లకీ తెలుసు. అపెండిక్స్. కాకపోతే అపెండిక్స్ ఉండేది కుడి పక్కన. ఈయనకి నొప్పి ఎడమ పక్కన.

"స్కానింగ్ గదికి తీసుకురండి. నేనే చూస్తాను," అంది.

ఆ గదిలో అడుగు పెట్టేసరికి ఆమె నడకే మారిపోయింది. లైట్లు తగ్గించి ఉన్న చల్లటి గది. మూలన మిషను సన్నగా గుయ్‌మంటోంది. గంట క్రితం స్టీరింగు ఎటు తిప్పాలో తెలీక తడబడిన చేతులే ఇప్పుడు జెల్లీ సీసా తీసి, పొట్ట మీద ఆనించే ప్రోబు అందుకుని, తెర వెలుగు సరిచేశాయి.

"చల్లగా ఉంటుంది మాస్టారూ. గట్టిగా ఊపిరి పీల్చి పట్టుకోండి."

లివర్‌తో మొదలుపెట్టడం ఆమె అలవాటు. కుడి పక్కటెముకల కింద ప్రోబు ఆనించింది. తెర మీద లివర్ రాలేదు. ఎడమ పక్కన ఉండాల్సిన స్ప్లీన్ వచ్చి కూర్చుంది, దాని పక్కనే పొట్టసంచి.

ప్రోబు తిరగేసి పట్టుకున్నానేమో అనుకుంది. దాని ఒక అంచున చిన్న గాటు ఉంటుంది, వేలితో తడిమి చూసింది. సరిగానే ఉంది. టెక్నీషియన్ వైపు తిరిగింది.

"బొమ్మని కుడి ఎడమ చేసే బటన్ ఎవరైనా నొక్కారా?"

"లేదు మేడం. పొద్దున్నించి మిషను ముట్టుకున్నది మీరే."

"ఏమైంది?" అన్నారు మాస్టారు.

"ఏం లేదు. మీ లివర్ కనబడటం లేదు."

"ఎటుపక్క వెతుకుతున్నారు?"

"కుడి పక్కే."

"మీ కుడా, లోకం కుడా?"

టెక్నీషియన్ కిసుక్కున నవ్వి, తప్పు చేసినవాడిలా దగ్గాడు. డాక్టరమ్మ తన పెన్ను పట్టుకునే చెయ్యి ఒకసారి చూసుకుంది. లోకం కుడే. అనుమానం లేదు.

అప్పుడు ప్రోబు మెల్లగా ఎడమ పక్కకి జరిపింది. లివర్ అక్కడుంది. పిత్తాశయంతో సహా, హాయిగా, అద్దె కట్టి దిగినట్టు అక్కడ ఉంది. ఆమె ప్రోబుని రొమ్ము ఎముక కిందికి తెచ్చి పైకి వంచింది. గుండె కొట్టుకుంటోంది. దాని కొస ఎడమకి చూడాలి. కుడికి చూస్తోంది.

చదువుకునే రోజుల్లో ఒక పాఠంలో నాలుగు వాక్యాలు చదివింది దీని గురించి. కొందరు పుట్టడమే అద్దంలో బొమ్మలా పుడతారని, లోపలి అవయవాలన్నీ కుడివి ఎడమకి, ఎడమవి కుడికి ఉంటాయని, దానివల్ల వాళ్లకి ఏ ఇబ్బందీ ఉండదని. ఇన్నేళ్లలో ఎన్ని వేల పొట్టలు చూసిందో, ఒక్కటి తగల్లేదు. తగిలి తగిలి, తనకి కుడి ఎడమ తెలీదని రోజూ దెప్పే మనిషి దగ్గర తగిలింది.

అన్నీ తిరగబడితే అపెండిక్స్ కూడా తిరగబడాలి కదా. ప్రోబు ఎడమ పక్క కిందికి తెచ్చి, నెమ్మదిగా, కొంచెం కొంచెంగా నొక్కింది. మామూలు పేగు ఆ ఒత్తిడికి అణిగిపోతుంది. ఇది అణగలేదు. ఒక కొస మూసుకుపోయిన గొట్టం, చూపుడువేలంత లావుకి ఉబ్బి ఉంది. లోపల గింజలాంటి తెల్లటి చుక్క, దాని వెనక నల్లటి నీడ. గొట్టం చుట్టూ సన్నటి గీతలా నీరు.

"దొరికింది," అంది.

"లివరా?"

"అదీ దొరికింది, దొంగా దొరికాడు."

*

పెద్ద సర్జన్‌గారు వరండాలోనే ఎదురయ్యారు. గుబురు కనుబొమ్మల పెద్దమనిషి, మాట చమత్కారం, చెయ్యి బంగారం. కిందటి నెల ఆయన కారు తలుపు మీద ఈ చివర నుంచి ఆ చివరికి గీత పెట్టింది డాక్టరమ్మే.

"సార్, అపెండిక్స్. బాగా ఉబ్బింది. ఎడమ పక్కన."

"ఎవరికి ఎడమ?"

"పేషెంటుకి. ఆయనకి లోపల అన్నీ తిరగబడి ఉన్నాయి. లివర్ ఎడమ, గుండె కుడి."

సర్జన్‌గారు ఆగి, కనుబొమ్మలు రెండూ పైకెత్తారు. "అమ్మా, నా కారు గీకిన రోజు కూడా కుడి పక్కన బోలెడు చోటుందనుకున్నానన్నావు."

"అది కారు సార్. ఇది నా పని."

అంత స్థిరంగా ఆమె మాట్లాడగా ఆయన ఎప్పుడూ వినలేదు. నవ్వు తగ్గించారు.

"సరే. నీ మాట మీద నేను ఎడమ పక్క చెయ్యి పెట్టాననుకో. తీరా అక్కడ ఏమీ లేదు. ఆ మనిషికి ఏం చెప్తాం? ప్రోబు ఒకసారి అటుది ఇటు పట్టుకుంటే లోకం తిరగబడుతుంది. నాకూ జరిగింది చిన్నప్పుడు."

"మీరు చెయ్యి పెట్టొద్దు. సీటీ తీద్దాం. లోహపు గుర్తు ఒకటి మీ చేత్తో మీరే ఆయన కుడి పక్కన అంటించండి. నేను ఆ గదిలోకి రాను. బొమ్మ వచ్చాక గుర్తు ఒక పక్కా, లివర్ ఇంకో పక్కా ఉంటే అప్పుడు చెప్పండి."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, చొక్కా చేతులు మడుచుకుని ఆమె వెంట నడిచారు.

సీటీ మిషనులోకి పంపే ముందు సర్జన్‌గారు మాస్టారి చొక్కా పైకి తీసి, కుడి పక్కటెముకల మీద గుర్తు అంటించి, పైన టేపు వేసి రెండుసార్లు నొక్కారు. నరంలోకి మందు ఎక్కిస్తే మాస్టారు "ఒళ్లంతా వేడినీళ్లు పోసినట్టుంది," అన్నారు. బల్ల మెల్లగా లోపలికి జరిగింది. అద్దం ఇవతల డ్యూటీ డాక్టరుతో కలిపి ముగ్గురూ తెర ముందు నిలబడ్డారు. ఒక్కో పొరా తెర మీదకి వస్తోంది. గుర్తు తళుక్కున మెరిసింది. దానికి అవతలి పక్కన లివర్.

సర్జన్‌గారు తలుపు తీసుకుని మాస్టారి దగ్గరికి వెళ్లి, గుర్తు ఎటుందో చేత్తో తడిమి చూసి, తిరిగి వచ్చారు.

"కుడి పక్కే ఉంది," అన్నారు. "నీ లెక్కే నిజం. నేను పుస్తకంలో తప్ప చూళ్లేదమ్మా ఇలాంటిది." వేలితో కింది పొర చూపించారు. "ఇదిగో నీ దొంగ. పగలడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆలస్యం చేయకూడదు. థియేటర్ వాళ్లకి చెప్పు."

డాక్టరమ్మ గుండెల మీంచి బరువు దిగింది. ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు.

"ఆపరేషన్ వద్దు," అన్నారు మాస్టారు.

ఎంత చెప్పినా అదే మాట. పగిలితే చీము పొట్టంతా పాకుతుందని సర్జన్‌గారు చెప్పారు. ప్రాణం మీదకి వస్తుందని డ్యూటీ డాక్టరు చెప్పాడు. మాస్టారు తల అడ్డంగా ఊపారు. చివరికి అందరినీ బయటికి పంపి, డాక్టరమ్మ స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"నాతో చెప్పండి. ఎందుకు వద్దు?"

"మత్తు ఇస్తే నేను లేవనమ్మా. నా గుండె మంచిది కాదు."

"ఎవరన్నారు?"

"వయసులో ఉన్నప్పుడు బస్సు డ్రైవరు ఉద్యోగానికి వెళ్లాను. అక్కడ డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. కొట్టుకోవడం సరిగ్గా వినబడటం లేదన్నాడు. ఈసీజీ తీశారు. గుండెకి ఏదో పాత దెబ్బ ఉందన్నారు. పరిగెత్తకు, బరువులెత్తకు, మెట్లెక్కకు, ఎంతకాలం ఆడుతుందో చెప్పలేం అన్నారు." ఆయన పొట్ట మీద చెయ్యి వేసుకుని కాసేపు ఊపిరి కూడదీసుకున్నారు. "అందుకే పక్క సీటు ఎంచుకున్నా. నేను దారిలో ఆగిపోయినా కారు నడిపేవాళ్లు వేరే ఉంటారు కదా."

ఏళ్ల తరబడి ఈ మనిషి రోజూ పొద్దున్నే అలా అనుకుని ఆ సీట్లో కూర్చుంటున్నాడు. అలా కూర్చునే ఊళ్లో సగం మందికి డ్రైవింగ్ నేర్పాడు.

"ఒక అమ్మాయి ఉండేది," అన్నారు మాస్టారు, తెల్లగోడ వైపు చూస్తూ. "ఇద్దరం అనుకున్నాం. ఇలాంటి గుండెతో పెళ్లి చేసుకుని ఆమెని నట్టేట ముంచడం దేనికని, ఉన్న సంగతి చెప్పి, వద్దని కబురు పంపాను. ఆమె మళ్లీ మాట్లాడలేదు. అదే మంచిదైంది."

డాక్టరమ్మ లేచింది. ఈసీజీ మనిషిని పిలిచి, ముందు మామూలుగానే ఛాతీ ఎడమ పక్కన వైర్లు పెట్టించింది. కాగితం మీద గీతలు వంకరటింకరగా వచ్చాయి. చూసినవాళ్లెవరైనా పాత దెబ్బే అంటారు. తర్వాత వైర్లన్నీ తీయించి, కుడి పక్కకి మార్చి పెట్టించింది. ఈసారి గీతలు గీసిపెట్టినట్టు చక్కగా వచ్చాయి. ఆ మీదట స్కానింగ్ మిషను మంచం దగ్గరికి నెట్టించి, ఆయన ఛాతీ కుడి పక్కన ప్రోబు పెట్టి, తెర ఆయన వైపు తిప్పింది.

"చూడండి మాస్టారూ. మీ గుండె."

నాలుగు గదులూ తెరుచుకుంటూ మూసుకుంటూ, తొణక్కుండా బెణక్కుండా పని చేసుకుపోతోంది.

"ఇది నాదేనా?"

"మీదే. వాళ్లు ఎడమ పక్క తలుపు కొట్టి, ఎవరూ పలకలేదని వెళ్లిపోయారు. మీరు కుడి పక్క గదిలో ఉన్నారు."

"తర్వాత ఎక్స్‌రేలు తీశారే."

"ఫిల్ము తిరగేసి పెట్టారనుకుని, ఎవరో ఒకరు సరిచేసి ఉంటారు."

మాస్టారు చాలాసేపు తెరనే చూశారు. ఆయన కళ్ల చివర తడి తేలింది. అంతలో నవ్వొచ్చింది, నవ్వితే పొట్ట లాగింది, లాగితే మళ్లీ మూలిగారు.

"ఇన్నేళ్లూ కింది వాటాలే వెతుక్కుని అద్దెకున్నానమ్మా. మేడ మీద ఇల్లంటే ఎంత ఇష్టమో."

"ఇక మేడెక్కండి. ముందు ఆ దొంగని బయటికి పంపిద్దాం."

"కానివ్వండి," అన్నారు మాస్టారు. "పెద్ద డాక్టరుగారికి మాత్రం మీరే దగ్గరుండి చెప్పండి, ఎటుపక్కో."

థియేటర్‌లో అంతా మార్చుకోవాల్సి వచ్చింది. సర్జన్‌గారు రోజూ నిలబడే పక్క వదిలి అవతలికి వెళ్లారు. పనిముట్ల బల్ల ఇటు జరిగింది, తెర అటు జరిగింది. చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి చేసే ఆపరేషన్. అలవాటైన ప్రతి కదలికనీ చెయ్యి తిరగేసి ఆలోచించుకోవాలి. అద్దంలో చూసుకుంటూ కాటుక పెట్టుకున్నంత సులువేనని మొదట చెప్పిన సర్జన్‌గారు, సగంలో కాటుక తనెప్పుడూ పెట్టుకోలేదని ఒప్పుకున్నారు. బయటికి వచ్చేసరికి ఆయన టోపీ చెమటతో తడిసి ఉంది.

"పగల్లేదు. ఈ పూట దాటితే పగిలేది," అన్నారు. "ఇకమీదట నువ్వు ఎడమంటే నేనూ ఎడమే అంటానమ్మా. రోడ్డు మీద తప్ప."

*

మధ్యాహ్నం తిరిగిపోయింది. థియేటర్ ముందు వరండాలో మేనత్త కూర్చుని ఉంది, ఒళ్లో అన్నం డబ్బా. డాక్టరమ్మకి ఆమె నాన్న చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. వేరే ఊళ్లో లైబ్రరీ ఉద్యోగం చేసి, ఈ మధ్యనే రిటైరై వీళ్లింటికి వచ్చింది. మేనకోడలు పూట తప్పిస్తే ఆసుపత్రయినా సరే డబ్బాతో హాజరవుతుంది.

"కారు నువ్వే తోలుకొచ్చావట. గేటు దగ్గర అందరూ కథలు కథలుగా చెప్తున్నారు," అంది.

డాక్టరమ్మ ఆకలి మీద గబగబా తింటూ, మధ్యమధ్య చెంచా గాల్లో తిప్పుతూ అంతా చెప్పింది. లివర్ కనబడకపోవడం చెబితే అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. సర్జన్‌గారు గుర్తు తడిమి చూడటం చెబితే ఇంకా నవ్వింది.

"అసలు విచిత్రం అది కాదత్తా. వయసులో ఉన్నప్పుడెవరో డాక్టరు ఎడమ పక్క విని, గుండె జబ్బని చెప్పేశాడట. పాపం ఆయన దాన్ని పట్టుకుని పెళ్లే మానుకున్నాడు. ఎవరో అమ్మాయి ఉండేదట, ఆమెకి కబురు పంపి వద్దన్నాడట."

అత్త నవ్వు ఆగింది. డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టింది.

"బస్సు డ్రైవరు ఉద్యోగానికి వెళ్లినప్పుడేనా, ఆ డాక్టరు చూసింది?"

"అవును, బస్సు..." డాక్టరమ్మ చెంచా నోటి దగ్గర ఆగిపోయింది. "అత్తా, బస్సు సంగతి నేను నీకు చెప్పలేదే."

వరండా చివర ఎవరో తడిగుడ్డతో నేల తుడుస్తున్నారు. అత్త అటే చూస్తూ కూర్చుంది. ఆమె మొహంలో ఏడుపు లేదు. ఏళ్లుగా పొంతన కుదరని లెక్కని మళ్లీ మొదటి నుంచి చేసుకుంటున్న మనిషిలా ఉంది.

"ఆ పరీక్షకి పొద్దున్నే బస్సెక్కించింది నేనే చిన్నీ," అంది. "సాయంత్రానికి వస్తానన్నాడు. రాలేదు. గుండె జబ్బని నాతో ఎవరూ అనలేదు. వేరే ఊళ్లో పెళ్లి చేసుకున్నాడని చెప్పారు. పెళ్లికూతురు తెల్లగా ఉందని, పొడుగని, అన్నీ చెప్పారు."

"ఎవరు చెప్పారు?"

"మీ నాన్న."

డాక్టరమ్మకి ఒక్కసారిగా ఏమీ అర్థం కాలేదు. చీమ అడ్డొస్తే పక్కకి తప్పుకుని నడిచే మనిషి నాన్న. చెల్లెలి పేరు చెబితే కళ్లలో నీళ్లు తిరిగే మనిషి.

థియేటర్ తలుపు కొంచెం తెరుచుకుంది. నర్సు తల బయటికి పెట్టి, "మేడం, మాస్టారికి తెలివొచ్చింది. మిమ్మల్నే అడుగుతున్నారు," అంది.

అత్త లేచి నిలబడింది. కళ్లజోడు తీసి పైటతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. తలుపు వైపు ఒక్క అడుగు వేసి, ఆగింది.

"నువ్వెళ్లు. నేనిక్కడ ఉన్నానని ఆయనకి చెప్పకు," అంది. "ముందు మీ నాన్నకి ఫోన్ చేసి, ఉన్నపళంగా రమ్మను. ఎందుకని అడిగితే, నేను రమ్మన్నానని మాత్రం చెప్పు."

అని, గోడ పక్కనున్న కుర్చీ లాగి, సరిగ్గా ఆ తలుపుకి ఎదురుగా వేసుకుని కూర్చుంది.